రిజిస్టర్ అడ్రస్‌లు హెడర్‌లో నీట్‌గా సర్దాక ఎల్ఈడీ వెలగడం మానేసింది, మీరంతా ఎలా డిఫైన్ చేస్తారు?

బ్లింకీ_బాబు

అందరికీ నమస్తే. ఈసీఈ ఫైనల్ ఇయర్ నేను. ప్రాజెక్టుకి కోఠి గుజరాతీ గల్లీలో కొన్న బ్లూ పిల్ బోర్డు వాడుతున్నాం, మీద ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ చిప్పు. మా టీమ్‌లో మిగతావాళ్లు హెచ్ఏఎల్ (చిప్పు చేసిన ఎస్‌టీ కంపెనీ రెడీగా ఇచ్చే లైబ్రరీ) వాడేద్దాం అన్నారు, నేనే పెద్ద పోటుగాడిలా అక్కర్లేదు డైరెక్ట్‌గా రిజిస్టర్లతోనే (చిప్పులో ఒక్కో భాగాన్ని నడిపే, అడ్రస్ ఉన్న గడులు) రాస్తా అన్నాను, ఇప్పుడు వాళ్ల ముందు పరువు పోయేలా ఉంది.

ముందు రిఫరెన్స్ మాన్యువల్ పక్కన పెట్టుకుని ఒక్కో రిజిస్టర్‌కి పూర్తి అడ్రస్‌తో ఒక్కో డిఫైన్ కొట్టుకుంటూ పోయా. జీపీఐఓ (పిన్‌లని నడిపే భాగం) సీ పోర్టు హెక్స్‌లో 40011000 దగ్గర మొదలవుతుంది కదా, దాంట్లో పిన్ ఇన్‌పుటా అవుట్‌పుటా చెప్పే సీఆర్‌హెచ్‌కి 40011004, పిన్‌ని సెట్, రీసెట్ చేసే బీఎస్ఆర్ఆర్‌కి 40011010, ఆర్‌సీసీలో పోర్టులకి క్లాక్ ఇచ్చే ఏపీబీ2ఈఎన్ఆర్‌కి 40021018, ఇలా. ఎల్ఈడీ సుబ్బరంగా బ్లింక్ అయింది. తర్వాత టైమర్లు, యూజార్ట్ (సీరియల్ పోర్టు) చేర్చేసరికి హెడర్ రెండొందల లైన్లు దాటింది, మా గైడ్ సార్ చూసి ఇదేంటయ్యా రేషన్ షాపు లిస్టులా ఉంది, బేస్ (మొదలయ్యే అడ్రస్), ఆఫ్‌సెట్ (అక్కడినుంచి దూరం) విడదీసి క్లీన్‌గా రాయి అన్నారు. సరే అని కూర్చుని ఇలా మార్చా (ఫోన్‌లో తెలుగు కీబోర్డు, కోడ్ కూడా తెలుగులోనే కొడుతున్నా, అంకెలన్నీ హెక్స్ అనుకోండి):

#డిఫైన్ ఆర్‌సీసీ_బేస్ ((వోలటైల్ యూఇంట్32_టీ *) 40021000)
#డిఫైన్ జీపీఐఓసీ_బేస్ ((వోలటైల్ యూఇంట్32_టీ *) 40011000)
#డిఫైన్ ఏపీబీ2ఈఎన్ఆర్ (*(ఆర్‌సీసీ_బేస్ + 18))
#డిఫైన్ సీఆర్‌హెచ్ (*(జీపీఐఓసీ_బేస్ + 04))
#డిఫైన్ బీఎస్ఆర్ఆర్ (*(జీపీఐఓసీ_బేస్ + 10))

మెయిన్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు, హార్డ్‌ఫాల్ట్ (చిప్పు క్రాష్ అవడం) లేదు, కోడ్ లూప్‌లో తిరుగుతోంది, కానీ ఎల్ఈడీ చచ్చినట్టు పడుంది. ఆఫ్‌సెట్లు మూడుసార్లు మాన్యువల్‌తో సరిచూశా, అన్నీ కరెక్టే. బోర్డు పోయిందేమో అని పాత హెడర్ పెట్టి ఫ్లాష్ చేస్తే మళ్లీ వెలుగుతోంది. పిచ్చెక్కిపోతోంది.

రెండు ప్రశ్నలు. తప్పు ఎక్కడుంది? అసలు ఇండస్ట్రీలో వీటిని ఎలా రాస్తారు, మాక్రోలా, స్ట్రక్టా, ఎనమ్మా? ఒక్కో బ్లాగులో ఒక్కోలా ఉంది.

చిన్నోడు_ఆర్డుయినో

ఆప్టిమైజేషన్ ఆఫ్ చేసి చూడు బ్రో. వోలటైల్ (ప్రతిసారీ నిజంగానే చదవమని, రాయమని కంపైలర్‌కి చెప్పే మాట) ఎక్కడో మిస్ అయితే ఇలాగే అవుతుంది, నాకు ఒకసారి అయింది.

బేర్‌మెటల్_భాను

వోలటైల్ ఉంది కదా పైన ప్రతి లైన్లో, చూసి చెప్పండి.

బాబూ, నీ ఆఫ్‌సెట్లు కరెక్టే, వాటిని కలిపిన తీరు తప్పు. సీ భాషలో పాయింటర్‌కి 4 కలిపితే నాలుగు బైట్లు ముందుకెళ్లదు, నాలుగు ఎలిమెంట్లు ముందుకెళ్తుంది. నీ బేస్ 32 బిట్ల పాయింటర్ కాబట్టి ఒక్కో ఎలిమెంట్ నాలుగు బైట్లు, అంటే నువ్వు 04 కలిపితే అది 16 బైట్లు జరిగింది, హెక్స్‌లో 10. ఇప్పుడు మాన్యువల్ తీసి చూడు, జీపీఐఓలో 10 దగ్గర ఏముందో. బీఎస్ఆర్ఆర్! నువ్వు సీఆర్‌హెచ్‌లో రాస్తున్నా అనుకుని పిన్‌లని సెట్, రీసెట్ చేసే రిజిస్టర్‌లో రాస్తున్నావు. మరి బీఎస్ఆర్ఆర్ అనుకుని రాస్తున్నది ఎక్కడికి పోతోంది? హెక్స్ 10 అంటే 16, దానికి నాలుగింతలు 64, హెక్స్‌లో 40, అంటే 40011040. అక్కడ ఏ రిజిస్టరూ లేదు, గాల్లో రాసినట్టే.

అసలు దెబ్బ ఇంకా ముందే పడింది. ఏపీబీ2ఈఎన్ఆర్ ఆఫ్‌సెట్ 18 అంటే 24, నాలుగింతలు 96, హెక్స్‌లో 60. 40021060 లో రాశావు. ఈ చిప్పులో ఆర్‌సీసీ రిజిస్టర్లు హెక్స్ 24 దగ్గర సీఎస్ఆర్‌తో అయిపోతాయి, 60 దగ్గర ఏమీ లేదు. కాబట్టి సీ పోర్టుకి క్లాకే రాలేదు. క్లాక్ లేని పెరిఫెరల్‌లో ఏం రాసినా వృథా, చదివితే సున్నా వస్తుంది, ఆ ముక్క మాన్యువల్‌లోనే ఉంది. తలుపు తాళం తీయకుండా లోపల సోఫా సర్దుతున్నావన్నమాట.

ఒకవేళ క్లాక్ వేరే దారిలో ఆన్ అయి ఉంటే ఇంకా తమాషాగా ఉండేది. పీసీ13 ని (ఎల్ఈడీ ఉన్న, సీ పోర్టులో 13వ పిన్) అవుట్‌పుట్ చేయడానికి సీఆర్‌హెచ్‌లో 20వ బిట్ నుంచి 23 వరకు క్లియర్ చేసి 2 పెడతావు కదా. అది బీఎస్ఆర్ఆర్‌లో పడితే 21వ బిట్ ఒకటి అవుతుంది, అంటే 5వ పిన్ రీసెట్. పీసీ13 అడిగితే పీసీ5 కదులుతుంది. మోటార్ డ్రైవర్ లాంటిది ఏదైనా తగిలించి ఉంటే తెలిసేది సంగతి.

ఈ తప్పులో దొంగ సంగతి ఏంటంటే ఆఫ్‌సెట్ సున్నా ఉన్న రిజిస్టర్ మాత్రం ఎప్పుడూ కరెక్ట్‌గానే పనిచేస్తుంది. ఆర్‌సీసీ సీఆర్ టెస్ట్ చేసి బానే ఉందే అనుకుని మిగతావన్నీ నమ్మేస్తారు.

మందు చిన్నదే. బేస్‌ని పాయింటర్‌గా పెట్టకు, ఉత్త నంబర్‌గా ఉంచు. నంబర్‌కి నంబర్ కలిపి, అంతా అయ్యాక చివర్లో పాయింటర్‌గా కాస్ట్ చెయ్:

#డిఫైన్ రెగ్32(అ) (*(వోలటైల్ యూఇంట్32_టీ *)(అ))
#డిఫైన్ జీపీఐఓసీ_బేస్ 40011000యూ
#డిఫైన్ సీఆర్‌హెచ్ రెగ్32(జీపీఐఓసీ_బేస్ + 04యూ)

రెగ్32 లో ఆఖరి అ చుట్టూ ఉన్న బ్రాకెట్లు అలంకారానికి కాదు. అవి తీసేస్తే కాస్ట్ బేస్‌కి మాత్రమే అతుక్కుంటుంది, బేస్ దగ్గరున్న విలువ చదివి దానికి 4 కలిపి ఇస్తుంది. రాయబోతే కంపైలర్ ఒప్పుకోదు సరే, చదివేటప్పుడు మాత్రం నోరెత్తదు, తప్పు విలువ చేతిలో పెట్టి పంపిస్తుంది.

ఇంకోటి, డీబగ్గర్ ఉందా నీ దగ్గర? ఉంటే 40021018, 40011004 ఈ రెండు అడ్రస్‌లు మెమరీ విండోలో చూసి చెప్పు. ఊహలెందుకు.

బ్లింకీ_బాబు

అన్నా దండం పెడుతున్నా. ఎస్‌టీ లింక్ ఉంది. మార్చకముందు చూశా, రెండూ సున్నాలే. మార్చాక 40021018 లో 10 కనిపిస్తోంది, 40011004 లో 44244444. ఎల్ఈడీ బ్లింక్ అవుతోంది!! రాత్రి రెండింటిదాకా సోల్డరింగ్ చెక్ చేశా నేను, మల్టీమీటర్ పట్టుకుని.

ఒక్క డౌట్, బీఎస్ఆర్ఆర్‌లో 13వ బిట్ సెట్ చేస్తే ఎల్ఈడీ ఆరుతోంది, 29వ బిట్ పెడితే వెలుగుతోంది. ఇది కూడా నా తప్పేనా?

బేర్‌మెటల్_భాను

కాదు, బోర్డు అలాగే కట్టారు. ఎల్ఈడీ రెండో కాలు 3.3 వోల్టులకి ఉంటుంది, పిన్ లో (సున్నా వోల్టులు) అయితేనే కరెంట్ పారుతుంది. పీసీ13 నుంచి 15 వరకు పిన్‌లతో ఎల్ఈడీకి కరెంట్ సరఫరా చేయొద్దని డేటాషీట్‌లో రాసి ఉంటుంది, లాక్కోవడమే చేయాలి, అదీ 2 మెగాహెర్ట్జ్ లోపు స్పీడ్‌లో. 44244444 సరిగ్గా ఉంది. రీసెట్ అప్పుడు అన్నీ 4 లే ఉంటాయి, అంటే ఫ్లోటింగ్ ఇన్‌పుట్, నువ్వు ఒక్కటి 2 చేశావు.

ఫర్మ్‌వేర్_పెద్దాయన

భాను గారు రోగం కుదిర్చారు, రెండో ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి నేను అందుకుంటా. ఇరవై ఏళ్లుగా ఇదే పని, బెంగళూరులో కొన్నాళ్లు, ఇప్పుడు హైదరాబాద్.

పెరిఫెరల్ ఒక్కటే ఉండి, దాంట్లో రెండు మూడు రిజిస్టర్లతోనే పని అయితే రెగ్32 మాక్రో చాలు, ఎవరూ ఏమీ అనరు. కానీ జీపీఐఓ లాంటి వాటికి స్ట్రక్ట్ రాయి. ఎందుకంటావా, ఎఫ్103 లో ఒక్కో పోర్టుకి ఏడు రిజిస్టర్లు, సీఆర్ఎల్, సీఆర్‌హెచ్, ఐడీఆర్, ఓడీఆర్, బీఎస్ఆర్ఆర్, బీఆర్ఆర్, ఎల్‌సీకేఆర్. ఏ నుంచి ఈ దాకా ఐదు పోర్టులు. మాక్రోలతో అయితే 35 డిఫైన్లు, అందులో 28 కాపీ పేస్ట్, కాపీ పేస్ట్‌లో ఒక్కచోట బీ బదులు సీ ఉండిపోతుంది, అది దొరకడానికి వారం. స్ట్రక్ట్ అయితే ఏడు మెంబర్లు ఒక్కసారి వరసగా రాసి, పోర్టుకో లైను బేస్ అడ్రస్. ఒక్కో పోర్టు మధ్య దూరం హెక్స్ 400.

టైప్‌డెఫ్ స్ట్రక్ట్ {
  వోలటైల్ యూఇంట్32_టీ సీఆర్ఎల్;
  వోలటైల్ యూఇంట్32_టీ సీఆర్‌హెచ్;
  వోలటైల్ కాన్స్ట్ యూఇంట్32_టీ ఐడీఆర్;
  ... ఇలా ఎల్‌సీకేఆర్ దాకా
} జీపీఐఓ_రెగ్స్;
#డిఫైన్ జీపీఐఓసీ ((జీపీఐఓ_రెగ్స్ *) 40011000యూ)

ఇప్పుడు ఆఫ్‌సెట్ లెక్కలు నువ్వు వేయక్కర్లేదు, కంపైలరే వేస్తుంది, నిన్న రాత్రి నిన్ను ఏడిపించిన పాయింటర్ లెక్కే ఇక్కడ నీ తరఫున పనిచేస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది, పోర్టుని ఫంక్షన్‌కి పంపొచ్చు. పిన్_అవుట్‌పుట్(జీపీఐఓసీ, 13) అని ఒక్క ఫంక్షన్ రాస్తే ఏ పోర్టుకైనా అదే. మాక్రోలతో అది చేయాలంటే పేర్లు అతికించే విన్యాసాలు చేయాలి, ఆ కోడ్ ఆర్నెల్ల తర్వాత రాసినవాడికే అర్థం కాదు.

ఐడీఆర్‌కి కాన్స్ట్ ఎందుకు పెట్టానో గమనించావా? అది చదవడానికే ఉంది. పొరపాటున రాయబోతే కంపైలర్ ఆపుతుంది. వోలటైల్, కాన్స్ట్ రెండూ కలిపి ఏంటని ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు, మన ప్రోగ్రామ్ రాయకూడదు కానీ హార్డ్‌వేర్ మార్చేస్తుంటుంది, అంతే.

వోలటైల్ మెంబర్ మీదే పెట్టు, పాయింటర్ డిక్లేర్ చేసినప్పుడు పెడదాంలే అనుకుంటే ఎక్కడో ఒకచోట మర్చిపోతావు. మర్చిపోతే ఏమవుతుందో ఒకటి చెప్తా. బయటి క్రిస్టల్ ఆన్ చేసి ఆర్‌సీసీ సీఆర్‌లో 17వ బిట్ వచ్చేదాకా వైల్ లూప్‌లో ఎదురుచూస్తాం కదా, వోలటైల్ లేకపోతే ఓ2 ఆప్టిమైజేషన్‌లో కంపైలర్ ఆ రిజిస్టర్‌ని ఒక్కసారే చదివి, మారదు కదా అని ఖాళీ లూప్‌లో కూర్చుంటుంది. ఆప్టిమైజేషన్ తీసేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పైన తమ్ముడు చెప్పింది ఈ సంగతే, నీ కేసుకి కాదు గానీ నిజమే.

స్ట్రక్ట్‌తో రెండు గుంటలు ఉన్నాయి. మొదటిది, మధ్యలో ఖాళీలు. రిజిస్టర్ల మధ్య రిజర్వ్‌డ్ ఉంటే దానికి నువ్వే ఒక మెంబర్ పెట్టాలి, లేకపోతే అక్కడినుంచి కింద ఉన్నవన్నీ నాలుగు బైట్లు పైకి జరిగిపోతాయి. ఎస్‌టీ వాళ్ల పాత స్టాండర్డ్ పెరిఫెరల్ లైబ్రరీలో యూజార్ట్ స్ట్రక్ట్ చూడు, 16 బిట్ల ఎస్ఆర్, వెంటనే 16 బిట్ల రిజర్వ్‌డ్, 16 బిట్ల డీఆర్, మళ్లీ రిజర్వ్‌డ్, అలా ఓపిగ్గా పేర్చుకుంటూ పోయారు.

రెండోది, ఎవరో చెప్పారని ప్యాక్‌డ్ అట్రిబ్యూట్ తగిలించకు. ప్యాడింగ్ (మెంబర్ల మధ్య కంపైలర్ వదిలే ఖాళీ) వస్తుందేమోనన్న భయంతో చాలామంది పెడతారు. అన్నీ 32 బిట్లే అయితే ప్యాడింగ్ రాదు. ప్యాక్‌డ్ అనగానే ఈ అడ్రస్ నాలుగుకి సరిగ్గా కూర్చుందన్న గ్యారంటీ కంపైలర్‌కి పోతుంది, అప్పుడు కోర్‌ని బట్టి ఒక్క రాతని నాలుగు బైట్ల రాతలుగా ముక్కలు చేయొచ్చు. ఈ చిప్పులో జీపీఐఓ రిజిస్టర్లని 32 బిట్లుగానే ముట్టుకోవాలి, బైటుగా, హాఫ్ వర్డ్‌గా వద్దని మాన్యువల్ స్పష్టంగా చెప్తుంది.

మొదటి గుంటకి కాపలా పెట్టొచ్చు. సీ11 లో స్టాటిక్ అసర్ట్ ఉంది, ఆఫ్‌సెట్ఆఫ్‌తో కలిపి వాడు:

_స్టాటిక్_అసర్ట్(ఆఫ్‌సెట్ఆఫ్(జీపీఐఓ_రెగ్స్, ఎల్‌సీకేఆర్) == 18, "ఎల్‌సీకేఆర్ జరిగింది");

స్ట్రక్ట్‌లో చివరి మెంబర్‌కి ఒకటి, ఖాళీ తర్వాత వచ్చే ప్రతి మెంబర్‌కి ఒకటి. బైనరీలో ఒక్క బైట్ పెరగదు.

నెట్‌లో దొరికిన కోడ్ దించేటప్పుడు చిప్ ఫ్యామిలీ చూసుకో. ఎఫ్4 లో సీఆర్ఎల్, సీఆర్‌హెచ్ లేనేలేవు, మోడర్ అని వేరే ఉంటుంది, బీఎస్ఆర్ఆర్ 10 దగ్గర కాదు 18 దగ్గర ఉంటుంది. ఎఫ్103 లో 18 అంటే ఎల్‌సీకేఆర్. ఎఫ్4 హెడర్‌ని ఇక్కడ అతికిస్తే పిన్ తిప్పబోయి లాక్ రిజిస్టర్‌లో రాస్తావు.

గల్లీ_ఇంజినీర్

అన్నా గింత లొల్లి ఎందుకు. సీఎంసిస్ హెడర్ ఉంది గద, ఎస్‌టీ వాళ్లే ఫ్రీగ ఇస్తున్నరు, ఎస్‌టీఎం32ఎఫ్103ఎక్స్‌బీ డాట్ హెచ్ అని. మీరు పైన రాసిన స్ట్రక్ట్ మొత్తం అండ్ల ఉంది, జీపీఐఓ_టైప్‌డెఫ్ అని. బిట్ల పేర్లు గూడ ఉన్నయ్. హెచ్ఏఎల్ వద్దంటే హెచ్ఏఎల్ వద్దు, ఈ హెడర్ ఒక్కటి ఇంక్లూడ్ చేస్కో, రిజిస్టర్లతోనే రాసినట్టు లెక్క. చేత్తో టైప్ చేసిన ప్రతి అడ్రస్ ఒక బగ్గే, నేను గూడ మొదట్ల ఇట్లనే హీరో లెక్క అన్ని చేత్తో రాసిన, యూజార్ట్1 బేస్‌ల ఒక్క అంకె తప్పు కొట్టి మూడు రోజులు చూసిన.

ఇంకోటి, ఎస్‌వీడీ ఫైల్ అని ఉంటది ప్రతి చిప్పుకి. ఎక్స్ఎంఎల్ ఫైల్, అండ్ల అన్ని రిజిస్టర్లు, అడ్రస్‌లు, బిట్లు ఉంటయ్. దాన్ని డీబగ్గర్‌కి ఇస్తే మెమరీ విండోల అంకెలు లెక్కపెట్టే పని లేదు, జీపీఐఓసీ కింద సీఆర్‌హెచ్ అని పేరుతోనే చూపిస్తది. దాంట్లకెళ్లి హెడర్ జనరేట్ చేసే టూల్ గూడ ఉంది. మనిషి చేసే పని గాదు ఇది.

ఫర్మ్‌వేర్_పెద్దాయన

ఉద్యోగంలో అయితే మీ మాటే రైటు, మా టీమ్‌లో కొత్తవాళ్లెవరైనా వెండర్ హెడర్ పక్కన పెట్టి చేత్తో రాస్తే రివ్యూలో వెనక్కి పంపిస్తా. కానీ అబ్బాయి నేర్చుకుంటున్నాడు. ఆ హెడర్ తెరిచి చదివినప్పుడు అర్థం కావాలంటే ఒక్క పెరిఫెరల్ అయినా చేత్తో రాసి ఉండాలి. దాంట్లో డబుల్ అండర్‌స్కోర్ ఐఓ అని ఉంటుంది, అది వోలటైల్‌కి పెట్టుకున్న ముద్దు పేరు అని తెలియక తలగోక్కునేవాళ్లని చూశా. పైగా అన్నిసార్లూ వెండర్ హెడర్ ఉండదు. ఎఫ్‌పీజీఏలో (లోపలి సర్క్యూట్ మనమే పెట్టుకునే చిప్పు) మన వాళ్లే ఒక ఐపీ బ్లాక్ (సొంత సర్క్యూట్ భాగం) తయారుచేసి, రిజిస్టర్ మ్యాప్ ఎక్సెల్ షీట్‌లో పంపిస్తారు, అప్పుడు ఎవరు రాస్తారు హెడర్?

గల్లీ_ఇంజినీర్

ఎక్సెల్ షీట్ అనంగనే నా పాత ప్రాజెక్ట్ యాదికొచ్చింది. హార్డ్‌వేర్ టీమోళ్లు షీట్ మార్చుడు, మాకు చెప్పకపోవుడు. సరే ఒప్పుకుంటున్న.

బ్లింకీ_బాబు

అందరికీ థాంక్స్. స్ట్రక్ట్‌కి మారిపోతున్నా. ఒక ఫ్రెండ్ బిట్ ఫీల్డ్స్ వాడమంటున్నాడు, సీఆర్‌హెచ్ లోపల మోడ్13 : 2, సీఎన్ఎఫ్13 : 2 అని పెట్టుకుంటే షిఫ్ట్‌లు మాస్క్‌లు ఏమీ ఉండవు, చదవడానికి ఇంగ్లీషులా ఉంటుంది అని. చూడ్డానికి బానే ఉంది, ఏమంటారు?

బేర్‌మెటల్_భాను

చూడ్డానికి బానే ఉంటుంది, అదే గొడవ.

బిట్ ఫీల్డ్‌లో మొదట రాసిన మెంబర్ కింది బిట్ల దగ్గర కూర్చుంటుందా పైన కూర్చుంటుందా అన్నది సీ స్టాండర్డ్ చెప్పదు, కంపైలర్ ఇష్టం. ఆర్మ్‌లో దానికి ఒక ఒప్పందం ఉంది కాబట్టి జీసీసీలో నీకు పనిచేసే అవకాశమే ఎక్కువ. కానీ నేను వద్దనేది అందుకు కాదు. రెండు బిట్ ఫీల్డ్‌లకి రెండు లైన్లు రాస్తే రిజిస్టర్‌ని రెండుసార్లు చదివి రెండుసార్లు రాస్తుంది, మధ్యలో పిన్ సగం కాన్ఫిగర్ అయిన స్థితిలో ఉంటుంది. మామూలు రిజిస్టర్‌లో పర్లేదు, కొన్నింట్లో కొంప మునుగుతుంది.

ఏవంటే, ఎక్స్‌టీఐలో (బయటి ఇంటరప్ట్‌లు చూసుకునే భాగం) పీఆర్ ఉంది చూశావా, ఏ ఇంటరప్ట్ లైన్ పెండింగ్‌లో ఉందో చెప్పేది. దాంట్లో ఒకటి రాస్తే ఆ బిట్ క్లియర్ అవుతుంది, సున్నా రాస్తే ఏమీ కాదు. చాలామంది అలవాటు కొద్దీ పీఆర్ |= (1యూ << 3) అని రాస్తారు. ఏమవుతుంది? ముందు చదువుతుంది, అప్పటికి 3 తో పాటు 5 కూడా పెండింగ్ అనుకో, రెండూ ఒకట్లుగా వస్తాయి, 3 ని ఆర్ చేసి తిరిగి రాస్తుంది, రెండూ క్లియర్. 5వ లైన్ ఇంటరప్ట్ గాల్లో కలిసిపోయింది, బటన్ అప్పుడప్పుడు పట్టట్లేదని కంప్లైంట్ వస్తుంది. ఉత్త ఈక్వల్ పెట్టి పీఆర్ = (1యూ << 3) అనాలి. బిట్ ఫీల్డ్ వాడితే ఈ చదివి రాసే తంతు నీకు తెలియకుండానే లోపల జరిగిపోతుంది, కోడ్ చూస్తే అమాయకంగా ఒక్క ఈక్వల్ కనిపిస్తుంది.

ఓడీఆర్ (పిన్‌లకి పంపే విలువ ఉండే రిజిస్టర్) కథ కూడా ఇంతే. మెయిన్‌లో ఓడీఆర్‌ని చదివి, మార్చి, రాసేలోపు మధ్యలో ఇంటరప్ట్ వచ్చి అదే పోర్టులో ఇంకో పిన్ మారిస్తే, వెనక్కి వచ్చాక నీ పాత విలువ దాన్ని తుడిచేస్తుంది. బీఎస్ఆర్ఆర్ పెట్టింది అందుకే, కింది 16 బిట్లు సెట్, పై 16 రీసెట్, ఒక్క రాతతో అయిపోతుంది, చదివే పనే లేదు.

చదివితేనే పనయ్యేవి కూడా ఉన్నాయి. యూజార్ట్‌లో వచ్చిన బైట్ ఉండే డీఆర్ చదివితే ఆర్ఎక్స్ఎన్ఈ (బైట్ వచ్చిందని చెప్పే) ఫ్లాగ్ పోతుంది. ఎస్‌వీడీ విండో బావుంటుందని పైన అన్నారు కదా, నిజంగా బావుంటుంది, కానీ ఆ విండోలో యూజార్ట్ తెరిచి పెట్టి స్టెప్ చేస్తుంటే డీబగ్గరే డీఆర్ చదివేసి వచ్చిన బైట్‌ని మింగేస్తుంది. నీ కోడ్‌కి ఏమీ రాదు. సీరియల్ రావట్లేదని కేబుల్ మార్చాను నేను.

కాబట్టి షిఫ్ట్, మాస్క్‌లకే అలవాటు పడు. పొజిషన్‌కి ఒక డిఫైన్, మాస్క్‌కి ఒక డిఫైన్. ఒకటి పక్కన యూ పెట్టడం మర్చిపోకు, 1 << 31 అని రాస్తే అది సైన్డ్ ఇంట్, సైన్ బిట్‌లోకి తోస్తున్నావు, స్టాండర్డ్ ప్రకారం దానికి అర్థమే లేదు. ఫీల్డ్ మార్చేటప్పుడు లోకల్ వేరియబుల్‌లోకి ఒక్కసారి చదివి, పాత ఫీల్డ్ క్లియర్ చేసి, కొత్తది పెట్టి, ఒక్కసారి రాసెయ్. ఎంత పొడుగ్గా ఉన్నా రిజిస్టర్‌ని ఎన్నిసార్లు ముట్టుకున్నావో కంటికి కనపడుతుంది.

పాత8051

ఇవన్నీ చదువుతుంటే మా రోజులు గుర్తొస్తున్నాయి. కైల్ కంపైలర్‌లో ఎస్ఎఫ్ఆర్ పీ1 = 90; అని ఒక్క లైన్ రాస్తే పోర్టు చేతికొచ్చేది, ఎస్‌బిట్ అని పెట్టి ఒక్కో పిన్‌కి పేరు కూడా పెట్టుకునేవాళ్లం. పాయింటర్ లేదు వోలటైల్ లేదు. అదంతా సీ భాష కాదు, ఆ కంపైలర్ వాడు కలిపిన ముక్క అని ఏవీఆర్ చిప్పులకి మారినప్పుడు గానీ తెలియలేదు. ఏవీఆర్‌లో ఇంకో తికమక, యూనో బోర్డు మీద ఉండే ఏటీమెగా328పీ లో పోర్ట్‌బీ కి డేటాషీట్‌లో రెండు అడ్రస్‌లు ఉంటాయి, 05 అని ఒకటి, బ్రాకెట్లో 25 అని ఒకటి. ఐఓ ఇన్‌స్ట్రక్షన్‌లకి 05, మామూలు మెమరీలా పాయింటర్‌తో ముట్టుకోవాలంటే హెక్స్ 20 కలిపి 25. నేను పాయింటర్‌లో 05 పెట్టా. అది సీపీయూ జనరల్ రిజిస్టర్ ఆర్5 అడ్రస్. పోర్టు కదల్లేదు కానీ వేరే చోట లెక్కలు తప్పడం మొదలైంది.

బ్లింకీ_బాబు

అప్‌డేట్ ఇద్దామని వచ్చా. జీపీఐఓ, ఆర్‌సీసీ రెండూ స్ట్రక్ట్‌లోకి మార్చేశా, బ్లింక్ ఓకే. తర్వాత సర్వో కోసం టైమర్2 మొదలుపెట్టా, బేస్ 40000000. మాన్యువల్‌లో టైమర్2 చాప్టర్ తీసి రిజిస్టర్ల వివరణలు ఒక్కొక్కటే చదువుతూ స్ట్రక్ట్‌లో పేర్చుకుంటూ పోయా. సీఎన్‌టీ, పీఎస్‌సీ, ఏఆర్ఆర్, సీసీఆర్1, సీసీఆర్2, అలా. పెద్దాయన గారు చెప్పారు కదా అని, నిజం చెప్పాలంటే పెద్ద నమ్మకం లేకుండానే, సీసీఆర్1 కి ఒక స్టాటిక్ అసర్ట్ పెట్టా, ఆఫ్‌సెట్ 34 ఉండాలని.

కంపైల్ కాలేదు. సీసీఆర్1 30 దగ్గర ఉందంట. ఇదేంటి అని మళ్లీ చూస్తే, ఏఆర్ఆర్ 2సీ దగ్గర ఉంది, దాని వెంటనే మాన్యువల్‌లో సీసీఆర్1 వివరణ మొదలైంది కానీ దాని ఆఫ్‌సెట్ 34. మధ్యలో 30 ఏమైంది? చాప్టర్ చివర్లో రిజిస్టర్ మ్యాప్ టేబుల్‌లో చూస్తే అక్కడ రిజర్వ్‌డ్ అని ఒక గడి ఉంది. టైమర్1 చాప్టర్‌లో అదే 30 దగ్గర ఆర్‌సీఆర్ అని రిజిస్టర్ ఉంది, టైమర్2 కి అది లేదు కాబట్టి వివరణే రాయలేదు, చోటు మాత్రం వదిలేశారు. అసర్ట్ లేకపోతే సీసీఆర్1 లో రాసిన పల్స్ విడ్త్ ఖాళీ గడిలో పడేది, సీసీఆర్2 లో రాసింది సీసీఆర్1 కి వెళ్లేది, నేను మళ్లీ మల్టీమీటర్ పట్టుకుని సర్వో వైర్లు చెక్ చేస్తూ కూర్చునేవాణ్ని.

యూఇంట్32_టీ రిజర్వ్‌డ్0 అని ఒక లైన్ చేర్చా, కంపైల్ అయింది. సర్వో తిరుగుతోంది కానీ చివర్లో వణుకుతోంది, అది పవర్ సప్లై గొడవ అనుకుంటా, యూఎస్‌బీ నుంచే ఇస్తున్నా. దానికి వేరే ప్రశ్న పెడతా.

గల్లీ_ఇంజినీర్

వేరే ప్రశ్న అక్కర్లే తమ్మీ, సర్వోకి సెపరేట్ 5 వోల్టులు ఇయ్యి, గ్రౌండ్ రెండూ కలుపు.